బస్సునకు త్రోవ యేది?

గౌతమీ గోదావరినుండి కోరంగి పాయ చీలు చోట వెలసిన యానాము, 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి పిదప భారతదేశమున కలిసిన 30 చదరపు కిలోమీటర్ల చిన్న సీమ. అడవిపొలము, కనకాలపేట, మెట్టకూరు మొదలగు దీని గ్రామములలో బడికిని, బజారునకును, పనిపాటులకును సైకిలు త్రొక్కువారు నేటికిని కలరు; చల్లనివేళ గోదావరి గట్టున నడచువారును కలరు. అంతమాత్రమున ఇచటివారు బస్సు విలువ యెరుగనివారు కారు. పంటుపై నది దాటిన దినములు పెద్దల జ్ఞాపకమున నింకను మాసిపోలేదు. యానాము, ఎదురులంకల నడుమ బాలయోగి వారధి యేర్పడిన తరువాతనే కాకినాడకును కోనసీమకును మధ్య యానాము మీదుగా దారి సుగమమైనది. కారు కొనజాలని గృహస్థునకు, ఆసుపత్రికి పోవలసిన వృద్ధురాలికి, కళాశాలకు పోవు బాలికకు బస్సే దిక్కు. కనుకనే యొక ప్రశ్నను మనము పక్షపాతము లేక విచారింపగలము: బస్సు రావలసినదే యైనను, జనులు నిర్భయముగా నడచుచు సైకిళ్లు త్రొక్కుచున్న బాటమీదనే అది రావలెనా?

ఈ ప్రశ్న 2008లో ఇంగ్లాండునందలి బ్రిస్టల్ నగరమును కుదిపివేసినది. బ్రిస్టల్, బాత్ నగరముల నడుమ నుండిన రైలుమార్గమున 1966లో ప్రయాణికుల బండ్లును, కొలది యేండ్లకు సరకు బండ్లును నిలిచిపోగా, 1977లో ‘సైకిల్‌బ్యాగ్’ అను పేర కూడిన పౌరసంఘమొకటి, జాన్ గ్రిమ్‌షా అను ఇంజనీరు ముందు నడువగా, పాడుపడిన ఆ కట్టను సైకిలుబాటగా మార్చ సంకల్పించి, 1979లో స్వచ్ఛంద సేవకుల శ్రమతో పని మొదలిడినది. 1986 నాటికి 21 కిలోమీటర్ల బాట పూర్తియైనది. ఒకప్పుడు రైలు నడచిన కట్ట యగుటచే దానికి ఎగుడుదిగుళ్లు తక్కువ. పెక్కుచోట్ల రోడ్లను వంతెనలపైనో వాటి క్రిందుగానో దాటిపోవుటచే మోటారుల భయమును తక్కువ. ఏటేటా పదిలక్షలకు పైగా ప్రయాణములు దానిపై సాగుచుండెను. ఆ సంఘమే తరువాత ‘సస్ట్రాన్స్’ అను సంస్థయై బ్రిటనంతటను సైకిలు మార్గముల నల్లుటకు ఈ బాటయే నాంది యైనది.

ఇట్టి బాటమీదుగా, ఎమర్సన్స్ గ్రీన్ అను శివారునుండి నగరమధ్యమునకు వేగపు బస్సులు నడుపుదమని స్థానిక పాలకుల కూటమి ఆలోచన చేసినది. వారి వాదము వినినంతనే తీసివేయదగినది కాదు. రోడ్లు కిక్కిరిసియున్నవి; శివార్లు పెరుగుచున్నవి; ఈ కట్ట తిన్నగా నగరములోనికే పోవుచున్నది; ఇండ్లు కూల్చి భూమి సేకరింపవలసిన పని తక్కువ; బస్సు ప్రక్కనే సైకిలునకును చోటిత్తుము గదా యని వారనిరి.

అయితే లెక్క వేసి చూచినచో ఆ యుభయము పొసగదు. మన దేశపు నిబంధనలనే తీసికొన్నను బస్సు వెడల్పు 2.6 మీటర్ల వరకు ఉండవచ్చును. ఎదురెదురుగా రెండు బస్సులు భద్రముగా తప్పుకొనవలెనన్న, మొత్తము మీద సుమారు 7 మీటర్ల త్రోవ కావలెను. అందుకు తోడు కంచెయు, నిలుపుదల స్థానములును కావలెను. ఇట్టి బాటకు సాధారణముగా ఉండునది 3 మీటర్లు. కట్టను వెడల్పు చేయుటకు ప్రక్కనున్న చెట్లు పోవలెను. సొరంగముల వద్ద, వంతెనల వద్ద వెడల్పు చేయుటకే వీలుండదు. బాట మిగిలినను దాని గుణము మిగులదు. బిడ్డ చేయి విడిచి నడువనిచ్చిన తల్లి ఆ చేతిని గట్టిగా పట్టుకొనవలసివచ్చును. కొత్తగా సైకిలు నేర్చు బాలుడు మరల ఇంటి ముంగిటికే పరిమితుడగును. బాటకు విలువ నిచ్చునది దాని వైశాల్యము కాదు, దానిపై లభించు నిర్భయత్వము.

ఆ సంగతి గ్రహించిన నగరవాసులు వేలకొలదిగా విజ్ఞాపనపత్రములపై సంతకములు చేసిరి, ఊరేగింపులు జరిపిరి. ఆ ఆలోచన ఆ యేడే మూలపడినది. అదే 2008 జూనులో బ్రిస్టల్ ఇంగ్లాండు దేశపు ప్రథమ ‘సైకిలు నగరము’గా ఎన్నికైనది. అంతకంటె ముఖ్యమైనది తరువాతి కథ. 2018లో ఎమర్సన్స్ గ్రీన్‌నుండి నగరమధ్యమునకు మెట్రోబస్సు నిజముగనే వచ్చినది. వచ్చినది ఎం32 అను మోటారు రహదారి మీదుగా. బాటను బలియీయనిదే బస్సు రాదన్న మాట నిజము కాదని పదియేండ్లలో తేలినది. బాటను కాపాడినవారు బస్సునకు శత్రువులు కారు. దానిని తగిన చోటికి మరలించినవారు.

మన తెలుగునేలపై ఇట్టి సంఘర్షణమే హైదరాబాదున నడచుచున్నది. అచట వివాదము బస్సులను గూర్చి కాక ఫ్లైఓవర్లను గూర్చినది. జూబిలీ హిల్సునందు చిరాన్ ప్యాలెస్ వెలసిన ఆవరణము 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానముగా ప్రకటింపబడినది. దాని చుట్టునున్న నడకబాట వేకువనే జనముతో నిండును. 2016లో ఉద్యానము చుట్టునున్న కూడళ్లలో ఫ్లైఓవర్లు కట్ట తలపెట్టగా, 3,000కు పైగా చెట్లు పోవునని తెలిసి, అచట నిత్యము నడచువారే చేయిచేయి పట్టి మానవహారముగా నిలిచిరి. జాతీయ హరిత ట్రిబ్యునల్ చెట్ల నరికివేతను నిలుపుచేసినది. 2020లో కేంద్రప్రభుత్వము ఉద్యానము చుట్టునున్న రక్షిత వలయమును 3 మీటర్లనుండి 29.8 మీటర్ల వరకని నిర్ణయించినది. 2024లో ఆ కూడళ్లకు ఫ్లైఓవర్లును, అండర్‌పాస్‌లును మరల సంకల్పింపబడి, వివాదము హైకోర్టు దాకపోయినది. రోడ్డు ఒకమారు పడినచో శాశ్వతము. బాటనో, ఒకమారు గెలిచినవారు మరల మరల గెలువవలసియున్నది.

ఏల ఎల్లప్పుడును బాటయే ప్రణాళికలు వేయువారి గీతకు గురియగును? అది ఖాళీ స్థలమువలె కనబడుటచేత. దానిని వాడుకొనువారు హారను మ్రోగింపజాలని వారగుటచేత. ఢిల్లీలో అంబేద్కర్ నగర్, మూల్‌చంద్‌ల నడుమ 5.8 కిలోమీటర్ల మేర రోడ్డునందే బస్సులకు వేరు వరుసలు 2008లో తెరువబడగా, కార్లవారి అసంతృప్తి యెడతెగక సాగి, 2016లో ఆ వరుసలు తొలగింపబడినవి. కారు చోటు కొంచెము తగ్గినంతనే పుట్టు గగ్గోలు, నడచువాని చోటు మొత్తము పోయినను పుట్టదు. ఫలితముగా, బస్సెక్కు పేదవాడును, సైకిలు త్రొక్కు పేదవాడును మిగిలిన చారెడు నేలకై తమలో తాము పోరాడవలసివచ్చుచున్నది. ఒకని నోటికాడి కూడు లాగి మరియొకనికి పెట్టుట ధర్మము కాదు. అహమ్మదాబాదు 2009లో తన ‘జన్‌మార్గ్’ బస్సులకు పెద్ద రోడ్ల నడుమనే త్రోవ చేసి, వేరు మార్గము కలదని చూపినది.

మన చట్టమును, విధానమును ఈ పక్షముననే నిలిచియున్నవి. రోడ్డును వాహనములకు కాక మనుష్యులకు ప్రాధాన్యమిచ్చి న్యాయముగా పంచవలెనని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానము చెప్పినది. కాలిబాటపై ఆటంకము లేని వెడల్పు కనీసము 1.8 మీటర్లుండవలెనని భారత రహదారుల కాంగ్రెసు 2012లో ప్రమాణముగా నిర్ణయించినది. కాలిబాటపై నడచు హక్కు రాజ్యాంగపు 21వ అధికరణమున చేరినదేయని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టపరచినది.

కావున యానామునందైనను, మరియే పట్టణమునందైనను, నడకబాటపై రోడ్డుగీత గీయబడినప్పుడు పౌరులు మూడు ప్రశ్నలడుగవలెను. ఈ బాటను ఏ వేళ, ఎవరు, ఎందరు వాడుచున్నారో లెక్కించితిరా? ప్రక్కనున్న రోడ్డులో కార్లు నిలుచు చోటును బస్సునకిచ్చి చూచితిరా? బాట పోయినచో సరితూగు మరియొక బాటను ముందుగా వేసి చూపుదురా? ఈ మూటికిని లిఖితపూర్వకముగ సమాధానము వచ్చువరకు సమ్మతింపకుండుట అభివృద్ధి నిరోధము కాదు, పౌరధర్మము. బస్సును కోరుదము; గట్టిగా కోరుదము; కాని దానికి త్రోవ, ఎక్కువ చోటు ఆక్రమించినవారినుండి తీసి యిమ్మని కోరుదము.