మీకు తెలుసా? ఇంట్లో సినిమా ఆటకు ముందు చీకటి కావాలి

టూరింగ్ టాకీసు డేరాల్లో పొద్దుగుంకితే గానీ ఆట మొదలయ్యేది కాదు. ప్రొజెక్టరు నల్లరంగును వేయలేదు మరి, వెలుగు పడని చోటే మనకు నలుపు! ఉదయగిరిలోనైనా ఆత్మకూరులోనైనా ఇంట్లో ప్రొజెక్టరు పెట్టుకునేవాళ్లు ముందు కొనాల్సింది మందపాటి కర్టెన్లు.

పెట్టె మీద వేలల్లో ఉండే లూమెన్ల (వెలుగు కొలత) అంకెను నమ్మకండి. ప్రామాణిక పద్ధతిలో కొలిచిన 'ఆన్సి లూమెన్లు' ఎన్నో అడగండి. బొమ్మ పొడవు, వెడల్పు రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది.

మూల నుంచి మూలకు 100 అంగుళాలుండే తెర వెడల్పు దాదాపు 2.2 మీటర్లు. త్రో రేషియో (తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలో చెప్పే అంకె) 1.2 అయితే ప్రొజెక్టరు గోడకు సుమారు 2.65 మీటర్ల దూరంలో, అంటే 9 అడుగులకు కాస్త తక్కువలో ఉండాలి. స్లాబుకు బిగిస్తే అసలు చిక్కు సీలింగ్ ఫ్యానుతోనే. మన గదుల్లో అది సరిగ్గా నడిమధ్యన ఉంటుంది, రెక్కల నీడ హీరో ముఖం మీద గిర్రున తిరుగుతుంది. డ్రిల్లింగుకు ముందే ఒకరిని స్టూలెక్కించి, ఆ ఎత్తులో ప్రొజెక్టరు పట్టించి చూసుకోండి. పక్కనుంచి వేసి, వంకరపోయిన బొమ్మను కీస్టోన్ సెట్టింగ్‌తో సరిచేయొచ్చు గానీ అక్షరాలు మసకబారతాయి.

మే నెలలో మన ఊళ్లలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చాలా ప్రొజెక్టర్లకు 35 నుంచి 40 డిగ్రీలే హద్దు. వేడిగాలి పోవడానికి జానెడు జాగా వదలండి. ల్యాంపు రకమైతే కరెంటు ఠక్కున పోగానే లోపలి ఫ్యాను ఆగిపోయి ల్యాంపు ఆయుష్షు తగ్గుతుంది. ఇన్వర్టరు లేని ఇంటికి ఎల్‌ఈడీ రకమే మేలు.