ఆకాశమున లేని గోడ

రెండవ ప్రపంచ యుద్ధకాలమున విమానముల వేగము పెరిగినకొలది వైమానికులకు ఒక వింత శత్రువు ఎదురయ్యెను. ఎంతో ఎత్తునుండి క్రిందికి దూకునపుడు, ధ్వనివేగమును సమీపించగనే విమానము గడగడ వణకెడిది. నడుపువాని చేతికి లొంగకుండెడిది. ఆకాశమున ఏదో గోడ కలదని పలువురు తలచిరి. 1946 సెప్టెంబరు 27న బ్రిటిషు వైమానికుడు జెఫ్రీ డి హావిలాండ్, తన తండ్రి స్థాపించిన సంస్థ నిర్మించిన డి.హెచ్. 108 విమానమును మహావేగముతో నడుపుచుండగా, అది థేమ్స్ నదీముఖముపై ముక్కలయ్యెను. ఆయన మరణముతో ఆ భయము ఇనుమడించెను.

ఇంతకు ఆ గోడ యెట్టిది? విమానము గాలిని త్రోయునపుడు పుట్టు పీడన తరంగములు ధ్వనివేగముతో వ్యాపించును. రాజు రాకకు ముందే భటులు దారి తొలగించునట్లు, అవి ముందుగా పోయి గాలిని తొలగించును. విమానమే ధ్వనివేగము నందుకొన్నచో అవి ముందునకు పోలేక, ఒక్కచో గుమిగూడి ఆఘాత తరంగముగా మారును. ధ్వనివేగము సైతము అంతట ఒకటి కాదు. 15 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణోగ్రతలో గంటకు సుమారు 1,225 కిలోమీటర్లు. చలి మిక్కుటమైన 40,000 అడుగుల ఎత్తున సుమారు 1,060 మాత్రమే. అందుచే విమానవేగమును ధ్వనివేగముతో పోల్చి చెప్పుదురు. ఆ నిష్పత్తికి ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడైన ఎర్నెస్ట్ మాక్ పేరు పెట్టిరి.

ధ్వనిని మించి పోవు తుపాకిగుండు నిలకడగా సాగునని అప్పటికే తెలియును. కనుక అమెరికాలో బెల్ సంస్థ తన ఎక్స్-1 రాకెట్టు విమానమునకు గుండు ఆకారమునే యిచ్చెను. బి-29 విమానము దానిని పొట్టక్రింద మోసికొనిపోయి ఆకాశమున విడిచెడిది. నడుపువాడు 24 ఏండ్ల చక్ యీగర్. ఒకనాడు మాక్ 0.94 వద్ద ఆయన దండమును ఎంత లాగినను విమానము తల యెత్తలేదు. తోకరెక్క వెనుక అంచున నుండు ఎలివేటరు పలక ఆఘాత తరంగముచే నిష్ప్రయోజకమైనది. ఇంజనీరు జాక్ రిడ్లీ లెక్కలు వేసి, పలకను విడిచి తోకరెక్క నంతటిని స్వల్పముగా కదల్చుమని చెప్పెను. అట్టి ఏర్పాటు విమానమున ముందే కలదు. పరీక్షింపగా అది ఫలించెను.

1947 అక్టోబరు 14న యీగర్ మరల బయలుదేరెను. రెండు దినముల క్రితము గుర్రముపైనుండి పడి ప్రక్కటెముకలు విరిగినను, ఆయన ఆ సంగతి అధికారులకు తెలియనీయలేదు. చేయి చాచలేని ఆయనకు, తలుపు బిగించుకొనుటకై రిడ్లీ ఒక చీపురుకర్ర ముక్క నిచ్చెను. కాలిఫోర్నియాలోని మ్యురాక్ ఎడారిపై, సుమారు 43,000 అడుగుల ఎత్తున వేగము మాక్ 1.06 చేరెను. భయపడిన ఘోరమేమియు జరుగలేదు. వణకు అణగి ప్రయాణము సాఫీగా సాగెను. నేలపైనున్న వారికి మాత్రము ఉరుమువంటి శబ్దము వినబడెను.

మరుసటి సంవత్సరము సెప్టెంబరులో జాన్ డెర్రీ, డి హావిలాండ్‌ను బలిగొన్న డి.హెచ్. 108 తరగతి విమానముననే ధ్వనివేగమును దాటెను. తరువాత ధ్వనిని మించు యుద్ధవిమానములలో, కదలు తోకరెక్క సాధారణమయ్యెను. సాహసవంతుని పేరు లోకమున మారుమ్రోగినది; ఆయనకు దారి చూపిన ఇంజనీరు లెక్క ఆ తోకరెక్కలలో నిలిచియున్నది.