శుక్రవారానికీ ఆదివారానికీ మధ్య, ఆ శనివారం ఏం జరిగింది?

గుడ్ ఫ్రైడే గురించి మనకి తెలుసు, ఈస్టర్ గురించి తెలుసు. మరి మధ్యలో ఉన్న శనివారం సంగతేంటి? దాన్ని పవిత్ర శనివారం అంటారు, కొందరు నిశ్శబ్ద శనివారం అంటారు. మన దగ్గర చాలా చర్చిల్లో ఆ రోజు ఆరాధనే ఉండదు. శుక్రవారం మధ్యాహ్నం ఏడు మాటల మీద ప్రసంగాలు వింటాం, ఆదివారం తెల్లవారకముందే తెల్లబట్టలు వేసుకుని బయల్దేరతాం. శనివారం అంటే సమాధుల తోటలో గడ్డి పీకడం, సున్నం వేయడం, బట్టలు ఇస్త్రీ చేసుకోవడం. అంతే.

సువార్తలు తెరిచి చూసినా ఆ పగటి గురించి దొరికేది చాలా తక్కువ. మార్కు, యోహాను ఏమీ చెప్పరు. శిష్యులు శనివారమంతా తలుపులు వేసుకుని భయపడుతూ కూర్చున్నారని వింటుంటాం కదా, ఆ తలుపుల సంగతి యోహాను 20వ అధ్యాయంలో ఉంది. కానీ అది ఆదివారం సాయంత్రం జరిగింది. శనివారం ఆ పదకొండు మంది ఎక్కడున్నారో ఎవరూ రాయలేదు.

లూకా మాత్రం ఒక్క మాట చెప్తాడు. గలిలయ నుంచి వచ్చిన స్త్రీలు సమాధి ఎక్కడో చూసుకున్నారు, సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకున్నారు, విశ్రాంతి దినం కాబట్టి ఆజ్ఞ ప్రకారం ఊరికే ఉన్నారు. ఇక మత్తయి చెప్పేది వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఆ రోజు ప్రధాన యాజకులు, పరిసయ్యులు పిలాతు దగ్గరికి వెళ్లారు. మూడు రోజుల తర్వాత లేస్తానని ఆయన బతికున్నప్పుడు అన్నాడు, సమాధికి కాపలా పెట్టించండి అని అడిగారు. రాయికి ముద్ర వేశారు, కాపలా పెట్టారు.

గమనించారా? ఆ మాట గుర్తుపెట్టుకున్నట్టు మనకి కనిపించేది ఆయన్ని చంపించిన వాళ్లే! ప్రేమించిన వాళ్లేమో శవానికి పూయడానికి సుగంధ ద్రవ్యాలు రెడీ చేసుకున్నారు. లేస్తాడనుకునే వాళ్లు అవి కొనరు కదా.

నాకు ఈ శనివారం అర్థమైంది అక్కడే. మనం దాన్ని ఎదురుచూసే రోజు అంటాం, ఎందుకంటే మనకి ఆదివారం తెలుసు. మగ్దలేనే మరియకి తెలియదు. ఆమెకి అది ఈస్టర్ ముందు రోజు కాదు. మనిషి పోయిన మర్నాడు. అలాంటి రోజు ఎవరింట్లోనైనా చూసే ఉంటారు: చెప్పులు గుమ్మం దగ్గరే ఉంటాయి, ఫోన్‌కి ఇంకా మెసేజ్‌లు వస్తుంటాయి. ఆదరణ కూడికలో మనం ఏం చేస్తాం? "ఏడవకండి, ప్రభువు దగ్గర ఉన్నారు" అని ఐదు నిమిషాల్లో ఆదివారానికి లాక్కెళ్లిపోతాం. చెప్పేది అబద్ధం అనట్లేదు, తొందరపడుతున్నాం అంటున్నాను. ఆ స్త్రీలకి ఒక రోజు మొత్తం ఊరికే కూర్చునే వీలు దొరికింది, అది కూడా ఆజ్ఞ ప్రకారమే.

సరే, అందరికీ వచ్చే డౌట్ ఒకటి. శుక్రవారం మధ్యాహ్నం మూడు నుంచి ఆదివారం తెల్లవారే వరకు నలభై గంటలు కూడా నిండవు, మరి మూడు రోజులు ఎలా అయ్యాయి? కోడింగ్ చేసేవాళ్లకి ఇది ఆఫ్ బై వన్ ఎర్రర్‌లా అనిపిస్తుంది. యూదులకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, రోజులో కొంత భాగమున్నా ఒక రోజుగా లెక్కపెట్టేవాళ్లు. శుక్రవారం సాయంత్రం లోపు ఒకటి, శనివారం రెండు, శనివారం పొద్దుగూకాక మూడు.

ఈ ఖాళీని క్యాథలిక్ సంఘం ఖాళీగానే ఉంచుతుంది. శనివారం పగలు పూజ ఉండదు, బలిపీఠం మీద గుడ్డ కూడా ఉండదు. చీకటి పడ్డాక బయట కొత్త మంట వెలిగించి, దాంతో పాస్కా కొవ్వొత్తి ముట్టించి లోపలికి తెస్తారు. శతాబ్దాల పాటు ఈ జాగరణ జరుగుతూ జరుగుతూ శనివారం పొద్దున్నకే వచ్చేసింది. వెలుగు పండుగని పట్టపగలు చేసేవాళ్లన్నమాట! 1951లో పోప్ పన్నెండో పయస్ దాన్ని మళ్లీ రాత్రికి తేవడం మొదలుపెట్టాడు. తూర్పు సంఘాల వాళ్లయితే క్రీస్తు ఆ రోజు మృతుల లోకంలోకి దిగాడని నమ్ముతారు. వాళ్ల చిత్రాల్లో ఆయన ఆదాము, హవ్వల చేతులు పట్టుకుని సమాధుల్లోంచి పైకి లాగుతుంటాడు. మన విశ్వాస ప్రమాణంలో కూడా ఆ దిగడం గురించి ఒక మాట ఉంది, ఈసారి చెప్పేటప్పుడు గమనించండి.

ఇక ఆ స్త్రీలు. విశ్రాంతి దినం అయిపోయింది, ఇంకా పూర్తిగా తెల్లారలేదు, ద్రవ్యాలు పట్టుకుని బయల్దేరారు. రాయి పెద్దది. మనకోసం దాన్ని ఎవరు పొర్లిస్తారని దారిలో ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు, జవాబు ఎవరి దగ్గరా లేదు. అయినా నడుస్తూనే ఉన్నారు. అక్కడికి వెళ్లాక ఏం చూశారో వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.