పాత సైకిల్ కొనే ముందు

మన కాలనీల్లో బదిలీ ఉత్తర్వులు రావడం మొదలైతే, సామాన్ల అమ్మకాలు కూడా మొదలవుతాయి. కూలర్లు, మంచాలు, అల్మారాలతో పాటు పిల్లల సైకిళ్లు కూడా చేతులు మారుతాయి. "రెండేళ్లలో మళ్లీ మనకే బదిలీ. ఇప్పుడు కొత్త సైకిల్ ఎందుకు? పై క్వార్టర్ వాళ్లు వెళ్లిపోతున్నారుగా, వాళ్లబ్బాయిది తీసుకుందాం" అని ఇంట్లో పెద్దవాళ్లు అనడం మీలో చాలామంది వినే ఉంటారు.

అది మంచి ఆలోచనే. అయితే మొదటిసారి సైకిల్ నేర్చుకునేవారికి పాత సైకిల్‌తో ఒక చిక్కుంది. తొక్కడం వచ్చినవారికి సైకిల్ పక్కకు లాగుతుంటే, అది బండి లోపమని వెంటనే తెలిసిపోతుంది. కొత్తవారికి అలా తెలియదు. హ్యాండిల్ వణికినా, బ్రేకు పడకపోయినా తప్పు తమదే అనుకుంటారు. నాలుగుసార్లు పడి, "నాకు సైకిల్ రాదు" అని మానేస్తారు. అందుకే కొనేముందే సైకిల్‌ను నాలుగు ప్రశ్నలు అడగాలి.

మొదటి ప్రశ్న: ఇది నాకు సరిపోతుందా?

"పెద్దది తీసుకుంటే ఇంకా నాలుగేళ్లు పనికొస్తుంది" అని కొందరంటారు. చొక్కా విషయంలో ఆ మాట నడుస్తుంది, సైకిల్ విషయంలో నడవదు. చక్రం 20 అంగుళాలా, 24 అంగుళాలా, 26 అంగుళాలా అన్నది ఒక అంచనా మాత్రమే. అసలు పరీక్ష వేరు. సీటును పూర్తిగా కిందికి దించి కూర్చోండి. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. మధ్యలో కడ్డీ ఉన్న సైకిల్ అయితే, కడ్డీకి రెండు వైపులా కాళ్లు పెట్టి నిలబడండి. కడ్డీకీ మీకూ మధ్య కనీసం రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. మధ్య కడ్డీ కిందికి వంగి ఉండే "లేడీస్ సైకిల్" అంటే మగపిల్లలు మొహం చిట్లిస్తారు. నిజానికి నేర్చుకునేవారెవరికైనా అదే సులువు. పడబోతున్నామనిపిస్తే కాలు ఎత్తకుండానే దిగిపోవచ్చు.

రెండో ప్రశ్న: ఇది ఆగుతుందా?

రెండు బ్రేకులనూ గట్టిగా నొక్కండి. పిడి వెళ్లి హ్యాండిల్‌కు తగలకూడదు. మీ వేళ్లు పిడిని సులువుగా అందుకోవాలి. నాన్నగారి వేళ్లకు అందితే సరిపోదు. ముందు బ్రేకు నొక్కి పట్టుకుని సైకిల్‌ను ముందుకు తోయండి. ముందు చక్రం తిరగకూడదు. అలాగే వెనక బ్రేకు నొక్కి తోస్తే వెనక చక్రం నేల మీద ఈడ్చుకుంటూ రావాలి. బ్రేకు రబ్బర్లు అరిగినా, కేబుల్ తీగలు విడిపోయినా భయపడనక్కర్లేదు, వాటిని మార్చడం తేలిక. కాకపోతే ఆ ఖర్చును ధరలో తగ్గించమని అడగాలి. మరొక సంగతి గుర్తుంచుకోండి. మెరిసే ఉక్కు రిమ్ములు వానలో తడిస్తే బ్రేకు బాగా ఆలస్యంగా పడుతుంది. తడి రోడ్డు మీద ముందుగానే నొక్కడం మొదలుపెట్టాలి.

మూడో ప్రశ్న: ఇది నేరుగా పోతుందా?

సైకిల్‌ను కాస్త పైకెత్తి చక్రం తిప్పండి. రిమ్ముకూ బ్రేకు రబ్బరుకూ మధ్య సందునే చూస్తూ ఉండండి. చక్రం కొంచెం అటూ ఇటూ ఊగితే మెకానిక్ పుల్లలు బిగించి బెండు తీస్తాడు. రిమ్ముకు గుంట పడి ఉంటే మాత్రం అది అంత సులువుగా పోదు. తర్వాత చక్రాన్ని పట్టుకుని పక్కలకు కదపండి. టకటకమంటే ఇరుసు దగ్గర వదులున్నట్టు. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకీ వెనక్కీ ఊపండి. హ్యాండిల్ కింద కదలిక తెలిస్తే అక్కడా బిగించాలి.

ఇవన్నీ బాగుచేయించుకోదగ్గవే. బాగుచేయించినా నమ్మకూడనివి రెండున్నాయి: వంగిన ఫోర్కు, పగిలిన ఫ్రేము. గొట్టాలు కలిసేచోట వేలితో తడిమి చూడండి. హ్యాండిల్ కింది గొట్టం వెనక రంగు ముడతలు పడి ఉంటే, ఆ సైకిల్ ఎక్కడో బలంగా గుద్దుకుని ఉండొచ్చు. అలాంటిది ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

చెయిన్‌ను మీ స్కేలుతోనే పరీక్షించవచ్చు. ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం అర అంగుళం. అంటే 24 లింకులకు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళాలున్న స్కేలు తీసుకుని, సున్నా గీతను ఒక పిన్ను మధ్యలో పెట్టండి. 24 లింకుల తర్వాతి పిన్ను 12వ గీతను అంగుళంలో ఎనిమిదో వంతు దాటి ఉంటే చెయిన్ బాగా అరిగిపోయినట్టే. దాంతోపాటు పళ్లచక్రాలు కూడా అరిగి ఉండొచ్చు.

మీరున్న ఊరిని బట్టి కూడా చూడాల్సినవి మారతాయి. విశాఖపట్నం, కొచ్చి, శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) లాంటి సముద్రతీరాల్లో ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. పుల్లల మొదళ్లు, సీటు కింది గొట్టం తప్పక చూడండి. జైసల్మేర్, బీకానేర్ వైపు ఎండకు టైర్ల పక్కల్లో రబ్బరు బీటలు వారుతుంది. తుమ్మముళ్లతో పంక్చర్లు కూడా ఎక్కువే. షిల్లాంగ్ లాంటి కొండ ఊళ్లలో దిగుడు రోడ్లుంటాయి కాబట్టి బ్రేకులే ప్రాణం.

నాలుగో ప్రశ్న: ఇది ఎవరిది?

ఫ్రేము మీద, సాధారణంగా పెడల్ ఇరుసు అడుగున, ఒక నంబరు చెక్కి ఉంటుంది. దాన్ని రాసుకోండి. కొన్నప్పటి రసీదు ఉంటే అడిగి తీసుకోండి. లేకపోతే ఒక కాగితం మీద నంబరు, తేదీ, ధర రాయించి అమ్మినవారి సంతకం తీసుకోమని పెద్దలతో చెప్పండి. అమ్మేవాళ్లు తెలియనివాళ్లైతే ఇది మరీ ముఖ్యం. ఎవరి దగ్గరో పోయిన సైకిల్ మన ఇంటికి రాకూడదు కదా!

పాతది కొనకూడనిది ఒకటుంది, అది హెల్మెట్. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి నురుగు నలిగిపోతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. సైకిల్ మీద మిగిల్చిన డబ్బులో కొంత కొత్త హెల్మెట్‌కు పెట్టండి.

ఇక నేర్చుకోవడం. 1817లో జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ నడిపిన రెండు చక్రాల బండికి పెడళ్లే లేవు. కూర్చుని కాళ్లతో నేలను తన్నుతూ పోవాలి. మీరూ అలాగే మొదలుపెట్టండి. పెడళ్లు విప్పించి, సీటు దించి, ఖాళీ మైదానంలో కాళ్లతో తోసుకుంటూ వెళ్లండి. రెండు పాదాలూ ఎత్తి కాసేపు జారగలిగారంటే తూకం కుదిరినట్టే. అప్పుడు పెడళ్లు బిగించుకోండి. ధైర్యం వచ్చాక సీటును కొంచెం కొంచెంగా పెంచండి. పెడల్ అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద ఆనించితే కాలు చాపినట్టుండాలి. అదే సరైన ఎత్తు.

మళ్లీ బదిలీ వచ్చినప్పుడు సైకిల్‌ను రైలు పార్సెల్‌లోనో, సామాన్ల లారీలోనో వెంట తీసుకెళ్లాలంటే పెడళ్లు విప్పి, హ్యాండిల్‌ను పక్కకు తిప్పితే తక్కువ చోటు పడుతుంది. ఎడమ పెడల్ మర మాత్రం తిరగేసి ఉంటుంది. అది గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితేనే ఊడుతుంది.

తీసుకెళ్లలేక అమ్మాల్సి వస్తే, దాని లోపాలు మీకే బాగా తెలుసు. కొనేవారు అడగకపోయినా అవన్నీ చెప్పి ఇవ్వండి. దాన్ని కొనే చెల్లెలో తమ్ముడో అప్పటికి సైకిల్ రాని వాళ్లే కావచ్చు.