టానీ సిరాబుడ్డి

అమెరికాలో మొట్టమొదటి పౌరహక్కుల చట్టం 1866లోనే వచ్చింది. అక్కడ పుట్టిన నల్లవాళ్లూ పౌరులేననీ, తెల్లవాళ్లతో సమానంగా ఆస్తి కొనుక్కోవచ్చు, కోర్టుకెక్కవచ్చుననీ చెప్పిన చట్టమది. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వీటో చేస్తే, కాంగ్రెస్ ఆ వీటోనే తోసిపుచ్చింది. అంత ముఖ్యమైన చట్టం మీద అలా జరగడం అదే మొదలు.

దాన్ని నెగ్గించింది రిపబ్లికన్లు. అప్పట్లో అది లింకన్ పార్టీ. డెమోక్రాట్లు ఎదురు నిలిచారు. ఆ వెంటనే, అదే పౌరసత్వాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించిన 14వ సవరణకు ఒక్క డెమోక్రాటూ ఓటెయ్యలేదు.

1874 జనవరిలో దిగువసభలో ఒక అపురూపమైన వాదం నడిచింది. ఒకవైపు అలెగ్జాండర్ స్టీఫెన్స్. బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకు ఉపాధ్యక్షుడుగా చేసినవాడు. ఆయనకు జవాబు చెప్పడానికి లేచింది సౌత్ కరోలినా నుంచి గెలిచిన నల్లజాతి సభ్యుడు రాబర్ట్ బ్రౌన్ ఎలియట్!

ఆ వాదం ఏ బిల్లు గురించో అది 1875లో చట్టమైంది. హోటళ్లలో, రైళ్లలో, నాటకశాలల్లో రంగు చూసి గెంటెయ్యకూడదని దాని సారం. బిల్లు తెచ్చిన సెనేటర్ చార్లెస్ సమ్నర్ దాన్ని చూడకుండానే పోయాడు. బడుల మాట మాత్రం మధ్యలోనే తీసేశారు. అదే నాకు ఎక్కువ బాధనిపిస్తుంది.

1883లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. తొమ్మిదిమందిలో కాదన్నది జాన్ మార్షల్ హార్లన్ ఒక్కడే. ఆయనా ఒకప్పుడు బానిసల యజమానే. అసమ్మతి తీర్పు రాయబోతే కలం సాగలేదు. ఒక ఆదివారం ఆయన చర్చికి వెళ్లినప్పుడు భార్య మాల్వీనా దాచి ఉంచిన పాత సిరాబుడ్డి తీసి, తోమి, సిరా నింపి, బల్ల మీదున్న మిగతా బుడ్లన్నీ ఎత్తేసి దాన్నొక్కదాన్నే పెట్టింది. నల్లవాళ్లు పౌరులే కారంటూ 1857లో న్యాయమూర్తి టానీ డ్రెడ్ స్కాట్ తీర్పు రాసింది ఆ బుడ్డిలోని సిరాతోనే. దాన్ని చూశాక హార్లన్ కలం ఆగలేదట. ఈ సంగతి ఆమే తన జ్ఞాపకాల్లో రాసుకుంది.

1875 తర్వాత మళ్లీ ఒక పౌరహక్కుల చట్టం రావడానికి 82 ఏళ్లు పట్టింది: 1957.

1964 నాటి పెద్ద చట్టాన్ని సెనేట్‌లో దక్షిణాది డెమోక్రాట్లు వారాల తరబడి ప్రసంగాలతో నిలవరించారు. జూన్ 10న ఆ అడ్డు తొలగించే ఓటింగ్‌కి కాలిఫోర్నియా డెమోక్రాట్ క్లెయిర్ ఎంగిల్‌ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. మెదడులో కణితి వల్ల ఆయనకు మాట పడిపోయింది. ఇంగ్లీషులో కన్నునూ, అనుకూలమని చెప్పే మాటనూ ఒకేలా ‘ఐ’ అంటారు. పేరు పిలవగానే ఎంగిల్ చెయ్యెత్తి తన కన్ను చూపించాడు.