జపాను డిస్కు మన యింట ఆడునా?

2025వ సంవత్సరము జనవరిలో మన దేశపు సినిమాహాళ్ళలో ఒక పాత చిత్రము తెలుగు మాటలతో క్రొత్తగా విడుదలైనది. జపాను దేశస్థుడైన యూగో సాకో, మన చిత్రకారుడు రామ్ మోహన్ మొదలగువారు 1990 తరువాతి సంవత్సరములలో కలసి నిర్మించిన బొమ్మల రామాయణమది. అదే యేడు సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ వరుసలోని ‘ఇన్ఫినిటీ కాజిల్’ అను జపాను చిత్రము కూడ తెలుగులో వచ్చినది. ఇట్టి బొమ్మల చిత్రములను జపానువారు ‘అనిమే’ అందురు.

హైదరాబాదు పడమటి దిక్కున 1998లో సైబర్ టవర్సు భవనము వెలసిన పిమ్మట మాదాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము ప్రాంతములు కంప్యూటరు ఉద్యోగులతో నిండినవి. వారిలో అనిమే అభిమానులు కలరు. కొందరు హాలులో ఒకసారి చూచి తృప్తిపడక, ఒక వరుసలోని చిత్రములన్నిటిని డిస్కుల పెట్టెగా జపాను నుండి తెప్పించుకొన గోరుదురు. హిదెఅకి అన్నో రూపొందించిన నూతన ‘ఎవాంజెలియన్’ చిత్రములు నాలుగింటిని చూడుడు. అవి 2007, 2009, 2012, 2021 సంవత్సరములలో విడుదలైనవి. పదునాలుగేండ్లు సాగిన కథను నాలుగు సాయంకాలములలో ఇంట కూర్చుండి చూచుట యొక వేడుక.

పెట్టె వచ్చినది. డిస్కును యంత్రములో ఉంచినారు. కాని తెరపై బొమ్మకు మారుగా, ఈ డిస్కు ఈ ప్రాంతమున ఆడదను అర్థమిచ్చు వాక్యము కనబడినది. డిస్కు చెడలేదు, యంత్రమును చెడలేదు. మరి లోపమెచ్చట నున్నది? ఇది తెలియుటకు డిస్కుపై ఏమి వ్రాయబడునో ముందుగా తెలిసికొనవలెను.

కాంతితో చదువు వ్రాత

డిస్కు మీద మధ్య నుండి అంచు వరకు సుడి తిరిగిన ఒకే యొక గీత యుండును. ఆ గీత పొడవునను కంటికి కనబడని గుంటలుండును. లేసరు కిరణము వానిపై పడి తిరిగి వచ్చునపుడు, గుంట ఉన్నచోట కాంతి తగ్గును, లేనిచోట హెచ్చును. ఈ హెచ్చుతగ్గులనే యంత్రము అంకెలుగా, అంకెలను బొమ్మలుగా, ధ్వనిగా మార్చును.

తాటియాకుపై వ్రాయు గంటము మొన మొద్దుగా నున్నచో ఆకునకు నాలుగు పంక్తులే పట్టును, సన్నగా నున్నచో పది పట్టును. ఇచ్చట కాంతియే గంటము. దాని మొన ఎంత సన్ననిదగునో రెండు విషయములు నిర్ణయించును. మొదటిది కాంతి తరంగదైర్ఘ్యము, రెండవది దానిని కేంద్రీకరించు కటకము యొక్క శక్తి. డీవీడీ యంత్రములో 650 నానోమీటర్ల ఎర్రని కాంతిని, 0.60 సంఖ్యగల కటకమును వాడుదురు. బ్లూ-రే యంత్రములో 405 నానోమీటర్ల నీలి-ఊదా కాంతిని, 0.85 సంఖ్యగల కటకమును వాడుదురు. తరంగదైర్ఘ్యమును కటక సంఖ్యచే భాగించినచో మొదటిదానికి సుమారు 1083, రెండవదానికి 476 వచ్చును. అనగా బ్లూ-రే కాంతిబిందువు డీవీడీ బిందువు కన్న రెండింతలకు పైగా సన్ననిది, వైశాల్యములో ఐదవ వంతు. డీవీడీ యొక్క ఒక పొరలో 470 కోట్ల బైట్లు పట్టగా, బ్లూ-రే పొరలో 2500 కోట్లు పట్టుటకు ముఖ్య కారణ మిదియే.

బ్లూ-రేలో ప్రక్క ప్రక్క గీతల నడిమి ఎడము మిల్లీమీటరులో వేయవ వంతునకు మూడవ వంతు మాత్రమే. ఒక తలవెండ్రుక మందములో ఇట్టి గీతలు రెండు వందలకు పైగా ఇమిడిపోవును. ఈ నీలికాంతిని సాధించిన ఘనతలో అధిక భాగము జపానీయులదే. గాలియం నైట్రైడు అను పదార్థము నుండి నీలికాంతి నిచ్చు డయోడులను సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమనో, షూజి నకమూరాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెలు బహుమతి లభించినది. బ్లూ-రే లేసరు కూడ ఆ పదార్థము నుండి పుట్టినదే.

ఇంత చోటు ఎందులకు?

బ్లూ-రే బొమ్మ ఒక్కొక్కటి అడ్డముగా 1920, నిలువుగా 1080 బిందువులు గలది. బిందువునకు 24 బిట్ల చొప్పున, సెకనుకు 24 బొమ్మల చొప్పున లెక్కించినచో సెకనుకు సుమారు 119 కోట్ల బిట్లగును. ఉన్నది ఉన్నట్లు వ్రాసినచో 2500 కోట్ల బైట్ల పొరపై మూడు నిమిషముల చిత్రము కూడ పట్టదు! కావున ఒక బొమ్మకు, తరువాతి బొమ్మకు గల భేదమును మాత్రమే ముఖ్యముగా వ్రాసి పరిమాణమును తగ్గింతురు. అనిమేకు ఇందులో ఒక సదుపాయము కలదు. చిత్రకారులు తరచుగా ఒకే బొమ్మను వరుసగా రెండు మూడు చట్రములలో వాడుదురు. అనగా సెకనుకు పండ్రెండో ఎనిమిదో క్రొత్త బొమ్మలుండును. భేదము లేనిచోట వ్రాయవలసినదియు స్వల్పమే. కాని సంధ్యాకాశము వలె ఒక రంగు మరియొక రంగులో మెల్లగా కలియు చోట్ల పరిమాణమును మితిమీరి తగ్గించినచో ఆకాశము పట్టెలు పట్టెలుగా కనబడును. బ్లూ-రేలో బొమ్మలకై సెకనుకు 4 కోట్ల బిట్ల వరకు వాడవచ్చును, డీవీడీలో కోటిలోపే. అభిమానులు బ్లూ-రే డిస్కును కోరుటలో అర్థమున్నది.

ఎనిమిది గడుల తాళము

ఇక మన సమస్యకు వత్తము. సినిమా కంపెనీలు ఒక చిత్రమును అన్ని దేశములలో ఒకేనాడు, ఒకే ధరకు విక్రయింపవు. ఒకచోట కొన్న డిస్కు మరియొకచోటి వ్యాపారమునకు అడ్డు రాకుండ ప్రపంచమును మండలములుగా విభజించినారు. డీవీడీ విభజనలో జపాను 2వ మండలము, భారతదేశము 5వ మండలము. బ్లూ-రేకు మండలములు మూడే. జపాను, కొరియా, అమెరికాలు ‘ఎ’ మండలమున, ఐరోపా, ఆస్ట్రేలియాలు ‘బి’ యందు, భారత, చైనా, రష్యాలు ‘సి’ యందు చేరినవి. రెండు విధములను మనకు, జపానుకు పొత్తు కుదరలేదు.

ఈ తాళము చాల చిన్నది. డీవీడీలో ఒకే బైటు, అనగా ఎనిమిది గడులు. ఏ గడి తెరచియున్నదో ఆ మండలపు యంత్రములో మాత్రమే డిస్కు ఆడును. బ్లూ-రేలో డిస్కుపై నున్న ఆజ్ఞావళియే యంత్రమును నీ మండలమేదని ప్రశ్నించి, జవాబు నచ్చనిచో నిలిచిపోవును. కంప్యూటరులోని డీవీడీ భాగము మండలమును ఐదు సార్లు మాత్రమే మార్చనిచ్చును. ఆ పిమ్మట చివరి మండలమే స్థిరపడును. పరీక్ష కొరకై ఊరక మార్చి చూచువారు ఇది గుర్తుంచుకొనవలెను.

టోక్యోలో నున్నను, మాదాపూరులో నున్నను 405 నానోమీటర్ల కాంతి ఒక్క తీరుననే వంగును. కావున ఈ అడ్డు ప్రకృతి పెట్టినది కాదు, మనుష్యులు పెట్టుకొన్న ఒడంబడిక. దీనికి నిదర్శనము, తరువాత వచ్చిన 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు మండలముల తాళమే లేదు. అయితే వీనికి వేరు యంత్రము వలయును. ఒకే పెట్టెలో 4కే డిస్కులతోపాటు మామూలు బ్లూ-రే డిస్కులున్నచో, ఆ రెండవవానికి తాళముండవచ్చును.

యంత్రమును కూడ తెప్పించినచో?

కొందరు జపాను నుండి యంత్రమును గూడ తెత్తురు. ఇచ్చట అపాయము వేరు. జపాను ఇండ్లలో విద్యుత్తు 100 వోల్టులు, మన ఇండ్లలో 230 వోల్టులు. 100 వోల్టులకే తయారైన పరికరమును మన గోడకు తగిలించినచో అది కాలిపోవును. యంత్రము వెనుక 100 నుండి 240 వరకు అని వ్రాసియున్న సరి. లేనిచో వోల్టులను తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు తప్పదు.

డీవీడీ అయినచో మరియొక భేదము. జపాను పద్ధతిలో తెరకు 480 గీతలు, మన పద్ధతిలో 576. 24 బొమ్మల చిత్రమును మన పద్ధతిలో 25 బొమ్మలుగా నడిపింతురు, అందుచే 100 నిమిషముల చిత్రము 96 నిమిషములలో ముగియును, గొంతులు కొంచెము కీచుమనును. ఇటీవలి టెలివిజన్లు చాల వరకు రెండు పద్ధతులను గ్రహించును. బ్లూ-రేలో చిత్రమును 24 బొమ్మల వేగముననే ఉంచవచ్చును గనుక ఈ చిక్కు లేదు.

సుంకపు లెక్క

తపాలా వలన గాని, కొరియరు వలన గాని వచ్చు పెట్టెకు సుంకము కట్టవలసి యుండును. సుంకము డిస్కుల ధరపై మాత్రమే కాదు; రవాణా, భీమా ఖర్చులు కలిపిన మొత్తముపై లెక్కింతురు. రేట్లు బడ్జెట్లను బట్టి మారుచుండును గనుక, లెక్కించు రీతి తెలియుటకే ఈ ఉదాహరణము. ధర 12,000, రవాణా 2,500, భీమా 500 అయిన మొత్తము 15,000 రూపాయలు. సుంకము నూటికి 10 అనుకొన్నచో 1,500. ఆ సుంకముపై పదవ వంతు సర్‌ఛార్జి 150. ఇప్పుడు 16,650 రూపాయలపై నూటికి 18 చొప్పున జీఎస్టీ 2,997. పన్నులన్నియు కలసి 4,647 రూపాయలు. అనగా పన్ను మీద కూడ పన్ను పడును.

సొంతముగా ఇంట చూచుకొనుట వేరు, అపార్టుమెంటు క్లబ్బులో పదిమందిని కూర్చుండబెట్టి ప్రదర్శించుట వేరు. రెండవదానికి హక్కుదారుల అనుమతి వలయును.

కొనుటకు ముందు

పెట్టె వెనుక ముద్రించిన మండల చిహ్నమును మొదట చూడవలెను. ‘ఎ, బి, సి’ మూడును ఉన్నచో దిగులు లేదు. ‘ఎ’ మాత్రమే యున్నచో మన యంత్రము దానిని అంగీకరించునా యని యంత్రపు పుస్తకములో చూడవలెను. రెండవది భాష. జపానులో అమ్ము డిస్కులలో తరచుగా జపాను భాష మాత్రమే యుండును. అడుగున వచ్చు మాటలను వారు ‘జిమకు’ అందురు. ఏ భాషలో జిమకు ఉన్నదో విచారింపక కొన్నవారు బొమ్మలు మాత్రమే చూడవలసివచ్చును. మూడవది భద్రత. బ్లూ-రేలో వ్రాతపై నున్న కప్పు మిల్లీమీటరులో పదవ వంతే. గట్టి పూత పూసినను గీతలు పడనీయరాదు. డిస్కును అంచులతో పట్టుకొని, ఎండ తగులనిచోట నిలువుగా ఉంచవలెను.

కాంతిని వెండ్రుకలో రెండు వందలవ వంతుకు సన్నగించుటకు శాస్త్రజ్ఞులకు ఎన్నో యేండ్లు పట్టినది. దానిని ఒక అక్షరముతో ఆపుటకు వ్యాపారులకు ఒక ఒడంబడిక చాలినది. ఆ అక్షరము పెట్టె వెనుకనే యున్నది. సొమ్ము చెల్లించుటకు ముందే దానిని చదివినవాడు మోసపోడు.