పొదుపు ఎవరి కంచంలోంచి?

ధరలు పెరిగినప్పుడల్లా 'దుబారా తగ్గించుకోండి' అని సలహాలొస్తాయి. కూలి చేసుకు బతికే మాల మాదిగ వాడల్లో దుబారా ఏది? 1986-87 ఆధారంగా వేసిన వ్యవసాయ కూలీల ధరల సూచీలో ఆహారం వాటా సుమారు 69 శాతం. అంటే అక్కడ ఖర్చు తగ్గించడమంటే కూడు తగ్గించడమే.

ముందు పప్పు పోయి పచ్చిపులుసు వస్తుంది. తర్వాత నూనె తగ్గుతుంది. గ్యాస్ బండ మూలకు చేరి కట్టెల పొయ్యి మళ్లీ రాజుకుంటుంది. ఆ కట్టెలు ఏరుకొచ్చేది ఆడమనిషే. అందరూ తిన్నాక అడుగున మిగిలిన మెతుకులు తినేదీ ఆమే. నెల జీతమున్నోళ్లు ఒకేసారి డబ్బాతో కొంటారు. రోజుకూలి ఇంట్లో ఏ పూటకా పూట పొట్లం కట్టించుకుంటారు. కిలో లెక్క వేస్తే తరచూ ఎక్కువ కట్టేది వీళ్లే.

1983లో ఎన్టీఆర్ సర్కారు కిలో బియ్యం 2 రూపాయలకిచ్చింది. 1996లో చంద్రబాబు సర్కారు దాన్ని 3.50 చేసింది. 2008లో గానీ మళ్లీ 2 రూపాయలు కాలేదు. ఖజానా చేసిన ఆ పొదుపు కూలీల ఇళ్ల మీద ఖర్చుగా పడింది.

కనక పొదుపు పాఠం చెప్పేముందు మనం ఒక లెక్క అడగాలి: బియ్యం, పప్పు, నూనె పెరిగినంత కూలి పెరిగిందా? ఆ లెక్క వాడలో కూచుని, ఆడవాళ్లనడిగి రాయాలి.